పండగ నాలుగు రోజులే, 'ఎలాగూ' మాత్రం పద్దెనిమిది రోజులు

మా అమ్మ సున్నుండలు పెట్టి ఇచ్చిన స్టీలు డబ్బాకి మూత మహా బిగుతు. తీస్తే టప్‌మని చప్పుడొస్తుంది, హాల్లో టీవీ చూస్తున్నవాళ్ళకి కూడా వినపడేంత. ఆ చప్పుడు రాకుండా ఎలా తీయాలో జనవరి నెలాఖరుకల్లా నేర్చేసుకున్నాను. చేతిగుడ్డ మూత మీద కప్పి, బొటనవేలితో ఒక పక్క నుంచి కొంచెం కొంచెంగా లేపాలి. నాకు 44 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, ఇంట్లో నన్ను తినొద్దనేవాళ్ళు ఎవరూ లేరు, డబ్బా నాది, సున్నుండలు మా అమ్మ నాకోసం చేసినవి. అయినా రాత్రి పదకొండింటికి వంటింట్లో లైటు వేయకుండా నిలబడి సొంత ఇంట్లో దొంగలా తింటున్నాను. ఒకటి అనుకుని వెళ్ళి మూడు తినేదాన్ని. నెయ్యి వేళ్ళకి అంటుకుంటే సబ్బుతో కడుక్కుని మరీ వచ్చి పడుకునేదాన్ని, వాసన రాకుండా.

ఇక్కడిదాకా ఎలా వచ్చానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

కిందటి మేలో ఆఫీసువాళ్ళు చేయించిన టెస్టుల్లో నా హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగరు చెప్పే లెక్క, 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్, 6.5కి చేరితే షుగరే. అంటే గడప మీద కూర్చున్నానన్నమాట. మా నాన్నకి షుగరు, మేనత్తకి షుగరు, కాబట్టి నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు కానీ భయం మాత్రం వేసింది. డాక్టరు గారు మందులు ఇప్పుడే వద్దు, అన్నం తగ్గించండి, నడవండి, ఆరు నెలల తర్వాత చూద్దాం అన్నారు. నేనూ బుద్ధిగా చేశాను. 74 కిలోలు ఉండేదాన్ని, పండక్కి ఊరెళ్ళే ముందు రోజు 68.4. డిసెంబర్లో మళ్ళీ టెస్టు చేయిస్తే 5.8. ఆ కాగితం ఫోటో తీసి అక్కచెల్లెళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను కూడా. పెట్టకుండా ఉండాల్సింది, ఇప్పుడు ప్రతివాళ్ళూ అడుగుతున్నారు.

మాది అంబాజీపేట దగ్గర ఊరు. కోనసీమలో సంక్రాంతి అంటే ఏంటో తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి ఎంత చెప్పినా సరిపోదు. బస్సు దిగి ఇంటికి చేరేసరికి అమ్మ నన్ను పైనుంచి కిందకి చూసి, "ఏంటే, ఇలా ఎండిపోయావు, ఆ హైదరాబాదులో తిండి దొరకట్లేదా" అంది. ఎనిమిది నెలల కష్టం అది! చెప్తే ఎక్కడ వింటుంది. భోగి పొద్దున్న పొట్టిక్కలు. పనసాకుల బుట్టల్లో ఉడికిన ఇడ్లీ అది, ఆకు విప్పగానే వచ్చే వాసనకే సగం ఆకలి పుడుతుంది, కొబ్బరి పచ్చడితో ఎన్ని తిన్నానో లెక్కపెట్టలేదు. సంక్రాంతి రోజు బూరెలు, పులిహోర, పరమాన్నం, గుమ్మడికాయ వేసిన దప్పళం. కనుమ నాడు మినుము తినాలి కాబట్టి గారెలు, గారెలు ఉన్నాయి కాబట్టి నాటుకోడి పులుసు. సాయంత్రం జగ్గన్నతోటలో ప్రభల తీర్థానికి వెళ్ళి, ఆ తోపులాటలో జీళ్ళ పొట్లం ఒకటి కొనుక్కుని అక్కడే సగం అవగొట్టాను. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, మేము ఇంకో రెండు రోజులు కదల్లేదు. ఒక పూట తింటే యోగి, రెండు పూటలా తింటే భోగి, మూడు పూటలా తింటే రోగి అని మా తాతయ్య అనేవాడు. మేము ఆ ఆరు రోజులు ఎన్ని పూటలు తిన్నామో ఆ లెక్కకి పేరు కూడా ఉండదు.

ఇది మాత్రం గట్టిగానే చెప్తాను, ఆ ఆరు రోజులు తిన్నదానికి నాకు ఇప్పటికీ బాధ లేదు. సంవత్సరానికి ఒకసారి, అందరం చేరి, అమ్మ పొయ్యి ముందు కూర్చుని అరిసెలు వత్తుతుంటే వేడివేడిగా తినకుండా పక్కన కూర్చుని కీరా ముక్కలు నమలడం నావల్ల కాదు, అలా చేయమనే డైటీషియన్ దగ్గరికి నేను వెళ్ళను.

బాధ అంతా తర్వాత జరిగిన దాని గురించి.

19వ తేదీ పొద్దున్న బస్సు దిగి, బ్యాగులు కూడా విప్పకుండా బరువు చూసుకున్నాను. 71.6. ఆరు రోజుల్లో 3 కిలోల 200 గ్రాములు! ఎనిమిది నెలల్లో తగ్గినదాంట్లో సగానికి పైగా వెనక్కి వచ్చేసింది అనుకుంటే ఏడుపొచ్చింది. ఆ ఉడుకులో ఒక నిర్ణయం తీసుకున్నాను, ఈరోజు అన్నం లేదు, నిమ్మకాయ నీళ్ళు, మజ్జిగ, అంతే. లంఖణం పరమౌషధం అని పెద్దలే చెప్పారు కదా అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే మా ఇంట్లో ఆ మాట ఎప్పుడూ జ్వరం వచ్చినప్పుడే వినపడేది, బూరెలు తిన్నందుకు శిక్షగా ఎవరూ అన్న గుర్తు లేదు.

మధ్యాహ్నం దాకా బాగానే ఉంది, గర్వంగా కూడా ఉంది. మూడింటికి తలనొప్పి మొదలైంది. నాలుగింటికి మీటింగులో ఎవరు ఏం మాట్లాడుతున్నారో తెలియలేదు, కిటికీలోంచి కింద బజ్జీల బండి కనపడుతోంది, ఆ మూకుడు మీదే నా దృష్టి. ఐదున్నరకి దిగి నాలుగు మిరపకాయ బజ్జీలు, టీ. తిన్నాక తలనొప్పి పోయింది కానీ ఇంకోటి వచ్చింది, అదే 'ఎలాగూ'. ఎలాగూ ఈరోజు చెడింది కదా అనుకుని ఇంటికెళ్తూ బిర్యానీ కట్టించుకుని వెళ్ళాను. రాత్రి పడుకునే ముందు రెండు అరిసెలు. లంఖణం మొదలుపెట్టిన రోజు నేను తిన్నది పండగ రోజు తిన్నదానికన్నా ఎక్కువే అయి ఉంటుంది.

మన భాషలో నన్ను ఇంతలా ముంచిన మాట ఇంకోటి లేదు. ఎలాగూ బుధవారం అయిపోయింది, సోమవారం నుంచి చూద్దాం. ఎలాగూ అరిసెలు ఉన్నాయి, అవి అయ్యాక మొదలుపెడదాం, పారేయలేం కదా. ఎలాగూ ఆదివారం మేనకోడలి ఓణీల ఫంక్షన్ ఉంది, దాని తర్వాత. ఎలాగూ నెలాఖరు, ఒకటో తారీకు నుంచి. ఒకటో తారీకు వచ్చింది, అది ఆదివారమైంది, చికెన్. నడక కూడా ఆగిపోయింది, తిండే సరిగ్గా లేనప్పుడు నడిచి ఏం లాభం అని దానికీ ఒక ఎలాగూ. ఇలా పద్దెనిమిది రోజులు. చెప్పాను కదా, ఆ మూత చప్పుడు రాకుండా తీయడం నేర్చుకున్నది ఈ పద్దెనిమిది రోజుల్లోనే. ఊళ్ళో అందరి ముందూ నవ్వుతూ తిన్నదాన్ని ఇక్కడ చీకట్లో తినడం మొదలుపెట్టాను, రుచి కూడా తెలిసేది కాదు నిజంగా, మింగడమే.

ఫిబ్రవరి 5న మళ్ళీ బరువు యంత్రం ఎక్కితే 72.3.

ఆ రోజు ఏడవలేదు, కోపమొచ్చి కాగితం తీసుకుని లెక్కలు వేశాను. నేను అకౌంట్స్ మనిషిని, నాకు కోపం వస్తే లెక్కలు వేస్తాను. ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరాలంటే సుమారు 7,700 క్యాలరీలు అదనంగా తినాలంటారు. పండగ ఆరు రోజుల్లో పెరిగిన 3.2 కిలోలూ కొవ్వే అయితే 24,000 పైచిలుకు క్యాలరీలు, రోజుకి 4,100. అదీ మామూలు తిండి మీద అదనంగా. అరచేయంత అరిసెకి 200 వేసుకున్నా రోజుకి ఇరవై అరిసెలు ఎక్కువ తిని ఉండాలి. నా రికార్డు ఆరు. గారెలూ బూరెలూ అన్నీ కలుపుకున్నా ఆ లెక్క తేలదు. మరి మిగతా బరువేంటంటే చాలావరకు నీళ్ళు. మనం తిన్న అన్నం, బెల్లం, పిండి ఒంట్లో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటాయి, ఒక గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు దాదాపు 3 గ్రాముల నీళ్ళని పట్టుకుని కూర్చుంటుంది. దానిమీద ఆవకాయ, వడియాలు, పులుసులు, జంతికలు, వాటిలోని ఉప్పు ఇంకొన్ని నీళ్ళని ఆపుతుంది. కడుపులో ఇంకా అరగని తిండి బరువు ఉండనే ఉంది. అంటే 19వ తేదీ పొద్దున్న నేను చేయాల్సిందల్లా ఇంటికొచ్చి మామూలుగా మధ్యాహ్నం భోజనం చేయడమే. పెరిగిన బరువులో సగానికి పైగా వారం తిరిగేసరికి దానంతట అదే దిగిపోయేది. లేని అప్పు తీర్చడానికి ఉపవాసం ఉండి, ఆ ఉపవాసం చెడినందుకు పద్దెనిమిది రోజులు తిని, నిజం అప్పు చేసుకున్నాను.

ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటిద్దామనుకున్నాను కానీ మా అబ్బాయి నవ్వుతాడని డైరీలో పెట్టుకున్నాను.

మళ్ళీ మొదలుపెట్టింది సోమవారం కాదు, ఒకటో తారీకు కాదు. గురువారం రాత్రి, ఎనిమిదిన్నరకి, అప్పటికే సాయంత్రం ఆఫీసులో పుట్టినరోజు కేకు ఒకటికి రెండు ముక్కలు తిన్న రోజు. ఇంట్లో బీరకాయ కూర, కందిపప్పు, చారు, పెరుగు. మామూలు రోజుల్లో ఏం తినేదాన్నో అదే తిన్నాను. కేకు తిన్నాను కదా అని తగ్గించలేదు, కేకు తిన్నాను కదా ఎలాగూ అని పెంచలేదు. రాయడానికి ఇందులో ఏమీ లేదు, అది నాకూ తెలుసు. కానీ ఆ చారన్నం తింటుంటే పద్దెనిమిది రోజుల తర్వాత మొదటిసారి కుర్చీలో కూర్చుని, లైటు వెలుగులో, ఏం తింటున్నానో చూసుకుంటూ తిన్నాను.

నా మామూలు భోజనం ఏంటో కూడా చెప్తాను, అందరూ అడుగుతారు. ఎలక్ట్రిక్ కుక్కర్‌తో వచ్చే చిన్న గ్లాసు ఉంటుంది చూడండి, నాకు పూటకి దాంట్లో మూడోవంతు బియ్యం. ముందు కంచంలో కూర వేసుకుంటాను, అన్నం కాదు. చిన్నప్పటినుంచి మనకి అలవాటు కంచం నిండా అన్నం పెట్టుకుని దాని పక్కన నంజుకోవడానికి కూర, నేను దాన్ని తిరగేశాను, అంతే. కూర సగం తిన్నాక పప్పుతో అన్నం. కూర, పప్పు ముందు తిని అన్నం తర్వాత తింటే షుగరు అంత ఎక్కువగా పెరగదని డాక్టరు గారు చెప్తే నమ్మలేదు, ఇంట్లో నాన్న కోసం కొన్న గ్లూకోమీటరుతో నా మీద నేనే చూసుకున్నాను. అదే బియ్యం, అదే కూర, తిన్న రెండు గంటలకి ఒకరోజు 171, కూర ముందు తిని పావుగంట మేడ మీద నడిచిన రోజు 138. ఒక మనిషి మీద రెండు రోజుల లెక్క, దీన్ని శాస్త్రం అనకండి, కానీ నన్ను మేడ ఎక్కించడానికి అది చాలింది.

మేముండేది హబ్సిగూడలో, ఆఫీసుకి వెళ్తూ వస్తూ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ముందునుంచే వెళ్తాను. 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకని మొదలై 1958లో హైదరాబాదు వచ్చిన సంస్థ అది, పదేళ్ళుగా ఆ గేటు చూస్తున్నా లోపల ఏం చేస్తారో ఎప్పుడూ పట్టించుకోలేదు. వాళ్ళు 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు ఈమధ్యే చదివాను. రోజుకి 2,000 క్యాలరీలు తినే మనిషికి తిండిగింజలు 250 గ్రాములు, అన్నం చపాతీ ఇడ్లీ అన్నీ కలిపి, వండకముందు తూకం. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. అంటే గింజలకన్నా కూరలు ఎక్కువ! మా ఇంట్లో నలుగురికి అరకిలో బెండకాయలు వండి సరిపోయిందనుకునేదాన్ని. ఇప్పుడు కూరగాయల ఖర్చు పెరిగింది, అది కూడా చెప్పాలి కదా, బియ్యం తగ్గినంత మాత్రాన బడ్జెట్ తగ్గదు.

ఇంకోమాట, నేను మందుల మీద లేను కాబట్టి ఆ ఒక్కరోజు లంఖణం తలనొప్పితో పోయింది. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు ఎక్కువ తిన్నామని తర్వాతి పూట మానేస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు, దయచేసి నన్ను చూసి ఏమీ మొదలుపెట్టకండి. అలాగే చాటుగా తినడం, ఆపుకోలేకపోవడం, తర్వాత కుమిలిపోవడం నాకు పద్దెనిమిది రోజుల్లో పోయింది, నెలల తరబడి అదే జరుగుతుంటే మాత్రం అది జిహ్వచాపల్యం కాదు, డాక్టరుకి చెప్పాల్సిన విషయం.

ఇక డబ్బాల సంగతి. అమ్మ కట్టిచ్చినవి సున్నుండల డబ్బా, అరిసెల డబ్బా, జంతికలు, ఆత్రేయపురం పూతరేకులు రెండు అట్టపెట్టెలు. ఇవి ఇంట్లో ఉండగా నాకు నిగ్రహం అనేది కుదరదు, ఆ విషయంలో నాకు నా మీద ఏ భ్రమలూ లేవు. పంచేద్దామనుకుని ముందు సున్నుండల డబ్బా తీశాను, ఈసారి టప్‌మని. యాభై ఉండాల్సిన డబ్బాలో తొమ్మిది. నేను తిన్నవి నాకు తెలుసు, సిగ్గుతోనే లెక్కపెట్టుకున్నాను, ఇరవై ఆరు. పిల్లలు సున్నుండలు ముట్టరు. మిగతా పదిహేను? మా ఆయన పేపరు మడిచి, "పొద్దున్న కాఫీతో ఒకటి... నువ్వు డైట్‌లో ఉన్నావు కదా, నీ ముందు తింటే బాగోదని నువ్వు లేవకముందే" అన్నారు. ఆయన కూడా చేతిగుడ్డే వాడుతున్నారట.

పంచడం కన్నా కష్టం అమ్మకి చెప్పడం. రోజూ ఫోన్లో "అరిసెలు తింటున్నారా, బూజు పడతాయి జాగ్రత్త, తడి చెయ్యి పెట్టకు" అంటుంది. ఆమె మోకాళ్ళ నొప్పులతో రెండు రోజులు కూర్చుని వండినవి, బియ్యం నానబెట్టి, తడిపిండి జల్లించి, పాకం ముదరకుండా చూసుకుని. నేను వాటిని వదిలించుకుంటున్నానని ఎలా చెప్తాం? రెండు రోజులు నీళ్ళు నమిలి చివరికి చెప్పేశాను, అమ్మా, షుగరు పెరుగుతుందేమోనని భయంగా ఉంది, కొన్ని పక్కవాళ్ళకి ఇచ్చేస్తున్నానని. ఒక్క క్షణం ఏమీ అనలేదు. తర్వాత, "ఇప్పటిదాకా పంచలేదా? అరిసెలు వండేదే పంచడానికి కదే. ఇంతమందికి ఇస్తావని అన్ని పెట్టాను, మీ నలుగురికీ అయితే పాతిక చాలు" అంది.

నిజమే కదా. చిన్నప్పుడు పండగ ముందు మా పనే అది, గిన్నెలో అరిసెలు పెట్టి పైన గుడ్డ కప్పి ఇస్తే వీధంతా తిరిగి ఇచ్చి రావడం. అపార్ట్‌మెంట్లోకి వచ్చాక ఆ అలవాటు పోయింది, డబ్బా మాత్రం అదే సైజులో వస్తోంది.

ఆ శనివారం నాలుగు ఫ్లాట్లకి, వాచ్‌మన్ ఇంటికి, మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి, ఆఫీసుకి అన్నీ ఇచ్చేశాను. పిల్లల కోసం ఎనిమిది అరిసెలు, ఒక పూతరేకుల పెట్టె ఉంచాను. పని చేసే అమ్మాయి మర్నాడు "అమ్మా, అరిసెలు మస్తుగున్నయి, మా అత్త ఇంకా ఉన్నయా అని అడిగింది" అంది. ప్రాణం హాయిగా ఉంది. కానీ నేను ఒక విషయం మర్చిపోయాను. మనవాళ్ళు ఖాళీ డబ్బా తిరిగివ్వరు. వారం తిరిగేసరికి ఎదురింటివాళ్ళు డబ్బాలో బాదుషాలు పెట్టిచ్చారు, కింద ఫ్లాట్‌లోని మరాఠీ ఆవిడ నువ్వుల లడ్లు, పనమ్మాయి వాళ్ళ ఊరు జనగామ నుంచి తెచ్చిన సకినాలు. సున్నుండల డబ్బా నిండా సకినాలు!

ఈసారి లడ్లు, బాదుషాలు తెచ్చిన రోజే ఆఫీసుకి పట్టుకెళ్ళిపోయాను. సకినాలు ఉంచాను, అవి నాకు ఇష్టం, ఆ వాము, నువ్వులు, ఆ కరకర. ఇది రాసేనాటికి నా బరువు 69.5, మొదటి వారంలోనే కిలోన్నర పైన దిగింది, తర్వాత నత్తనడక. పండక్కి ముందున్న చోటికి ఇంకా చేరలేదు. ఏప్రిల్లో టెస్టు ఉంది, దానికి ముందే ఉగాది, బొబ్బట్లు.

ఇందాక సాయంత్రం టీ పెట్టుకుని ఆ డబ్బా తీశాను. మూత టప్‌మంది. హాల్లోంచి మా ఆయన, "ఏంటి తింటున్నావు?" అన్నారు.

"సకినాలు" అన్నాను.

"నాకూ రెండు పట్రా."